నాలుగు దెబ్బలు

ప్రియమైన అమ్మకు,

నేను క్షేమం. నీ తమ్ముడి క్షేమం సంగతి శనివారం దాకా చెప్పలేను. ఫోన్ చేస్తే పక్క నుంచి వింటాడని ఉత్తరం రాస్తున్నాను.

మావయ్య ముప్పై ఏళ్ళుగా ప్రేమిస్తున్న బ్యాండ్ నీకు తెలిసిందే. మూడు రికార్డులు వేసి, ఎవరూ కొనక, తలో దారి పట్టిన నలుగురి ప్రోగ్రెసివ్ రాక్ బృందం. వాళ్ళ అభిమాన సంఘానికి మావయ్య అధ్యక్షుడు, నేను కార్యదర్శిని, సభ్యుల కోసం గాలిస్తున్నాం. ఆ పెద్దమనుషులు మళ్ళీ ఒక్కటై ఈ శనివారం మా ఊళ్ళో వాయిస్తున్నారు. మావయ్య కాలు నేల మీద నిలవడం లేదు. ల్యాబులో కట్టుడు పళ్ళు తయారు చేస్తూ, పై సెట్టుతో కింది సెట్టు మీద ఏడు దెబ్బల తాళం వేస్తున్నాడు. ఆ పళ్ళు పెట్టుకోబోయేవారికి ఈ విషయం తెలియకపోవడమే మంచిది.

వాళ్ళ ఇరవై నిమిషాల పాట ఒకటుంది. మధ్యలో వేణువు ఆగిపోతుంది. అంతా నిశ్శబ్దం. అందులో నాలుగు దెబ్బలు, అంతే. "ఇంత ధైర్యం ఇంకెవడికుందిరా" అంటాడు మావయ్య. కుర్రతనంలో ఆ దెబ్బల్ని పొగుడుతూ డ్రమ్మర్‌కు ఉత్తరం కూడా రాశాడట. జవాబు రాలేదు, ప్రేమా తగ్గలేదు. ఇన్నేళ్ళూ తనను ఆటపట్టించిన ల్యాబు వాళ్ళందరికీ ఇప్పుడు టికెట్లు కొనిచ్చి, ఆ చోటు వింటే మీరే చెంపలేసుకుంటారని సవాలు చేశాడు.

గండం ఇక్కడుంది. మా రేడియో స్టేషన్ పాత రికార్డుల గదిలో ఆ పాట అసలు రికార్డు నాకు దొరికింది. ఆ చోట నిశ్శబ్దమే ఉంది. దెబ్బలు లేవు. మావయ్య వినేది మాత్రం కుర్రతనంలో రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టిన టేపు. తన ఊపిరి కూడా అందులో పడకూడదని గదిలోంచి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడట. ఆ పూట ఇంట్లో ఉన్నది తనూ, నువ్వూనట.

అమ్మా, నిన్ను అనుమానించడం నాకు ఇష్టం లేదు. కానీ శనివారం అందరి ముందూ ఆయన మొహం ఎలా చూడను? ముందే చెప్పేయనా?

నీ సుపుత్రుడు
(బిరుదు నేనే ఇచ్చుకున్నాను)

*

ప్రియమైన వెధవాయికి,

నేనే. మర్నాడు లెక్కల పరీక్ష. పక్క గదిలో ఎంతకీ తెగని ఆ గోల. వాడు లోపలే ఉన్నాడనుకుని, తగ్గించమని గోడ మీద కొట్టాను. సరిగ్గా అప్పుడే పాట ఆగినట్టుంది. నూటికి నూరు వచ్చాయి కాబట్టి నాకేమీ పశ్చాత్తాపం లేదు.

వాడికి మాత్రం చెప్పకు. చిన్నప్పటి నుంచీ ఎవరికీ అక్కర్లేనివే ఏరి తెచ్చి పెంచుకునేవాడు. కుంటి పిల్లిపిల్ల, ముల్లు లేని గడియారం, తరవాత ఈ బ్యాండు. నలుగురిలో వాడు చిన్నబోతే నేను చూడలేను. నువ్వు పక్కనే కూర్చో. వేణువు ఆగగానే నువ్వే కుర్చీ మీద కొట్టు. నేను నేర్పిన లెక్కలు నీకు నాలుగు దాకా అయినా వచ్చి ఉంటాయి.

అమ్మ

*

ప్రియమైన వాద్యకారిణికి,

హాలు సగం ఖాళీ. ల్యాబు వాళ్ళు ఒక వరస నిండా. వేణువు ఆగింది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. నీ ఆజ్ఞ ప్రకారం నేను పిడికిలి ఎత్తాను.

వేదిక మీద నుంచి నాలుగు దెబ్బలు వినిపించాయి.

నా పిడికిలి గాల్లోనే ఉండిపోయింది. ల్యాబులో అచ్చులు పోసే పెద్దాయన నిజంగానే చెంపలేసుకున్నాడు.

అయ్యాక మావయ్య నన్ను లాక్కుని వేదిక వెనక్కి వెళ్ళాడు. ఆ నాలుగు దెబ్బల గురించి నోరు విప్పగానే డ్రమ్మర్ ఆయన చెయ్యి పట్టుకుని, ఉత్తరం రాసింది మీరా అని అడిగాడు. వాళ్ళకు జన్మలో వచ్చిన అభిమాని ఉత్తరం అదొక్కటేనట. అందులో పొగిడిన దెబ్బలు రికార్డులో ఎంత వెతికినా కనబడలేదట.

"ఉన్న ఒక్క అభిమానినీ అబద్ధాలకోరును చేస్తామా? అప్పటి నుంచి ఎక్కడ వాయించినా అవి కలుపుతున్నాను. మీకు నా జవాబు అదే" అన్నాడు.

మావయ్య మొహం పాలిపోయింది. "మరి నా టేపులో కొట్టిందెవరు?" అన్నాడు నా వైపు తిరిగి. నిన్ను పట్టిచ్చేశాను, క్షమించు. కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టి, గోడకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "మా అక్కండీ" అన్నాడు డ్రమ్మర్‌తో. బ్యాండ్‌లో అయిదో మనిషిని పరిచయం చేస్తున్నట్టు అన్నాడు.

దీంతో పాటు వచ్చిన కర్ర డ్రమ్మర్ వాయించినదే. 'అసలు రచయిత్రికి' అని రాసి సంతకం పెట్టాడు.

నీ సుపుత్రుడు
(మావయ్య కూడా ఒప్పుకున్నాడు)

*

ప్రియమైన కార్యదర్శికి,

కర్ర అందింది. క్లాసులో బల్ల మీద కొడితే గుసగుసలు ఠక్కున ఆగుతున్నాయి. ఆ టేపు కాపీ ఒకటి పంపు. ఈసారి కూర్చుని, మొత్తం వింటాను. సంఘంలో నా పేరు కూడా రాసుకో.

డ్రమ్మర్‌గారికి ఒక్క మాట చెప్పు. నేను కొట్టింది అయిదుసార్లు. మొదటిది మెల్లగా కొట్టాను, టేపులో పడి ఉండదు. సరిచేసుకోమను.

అమ్మ