స్పిన్‌స్టర్ అంటే

నాన్నా,

ఇవాళ నీ సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలకి వదిన నన్ను చూపించి, "మా ఆడపడుచు. పెళ్ళి చేసుకోలేదు, స్పిన్‌స్టర్. ఇంట్లోనే ఉంటుంది" అంది. చిన్నప్పుడు గుఢియారీలోని ఇదే ఇంట్లో ఆ మాటకి నువ్వు చెప్పిన పాత అర్థం వాళ్ళకి చెప్పాను. నూలు వడికి తన తిండి తను సంపాదించుకునే ఆడమనిషి అని. అందరూ నవ్వి మళ్ళీ భోజనంలో పడ్డారు.

అభన్‌పూర్ స్కూల్లో నాకు టీచరుద్యోగం వచ్చింది, నాన్నా. ఉండడానికి గది కూడా ఇస్తారట. చుట్టాలు వెళ్ళాక అన్నయ్యకి చెప్తే, "మరి అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

మంచంలో ఉన్న అమ్మ అంతా విన్నట్టుంది. దవాయి వెయ్యడానికి వెళితే, "వెళ్ళవే, జాయినైపో" అంది. అంటూనే నా ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది. నిద్రపోయినా వదల్లేదు. రెండో చేత్తో నీకిది రాస్తున్నాను.