మాటలు వినపడని కోర్టు

రాజ్యం,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నిన్ను ఊరడించడానికి అనడం లేదు, నిజంగానే బాగున్నాం. అన్నం మాడకుండా వండడం వచ్చింది నాకు. పప్పు మాత్రం ఇంకా నా మాట వినడం లేదు…

ఇన్నాళ్ళూ రాయలేదేం అంటావా? రాయడానికి మంచి కబురు ఉంటే కదా! ఇప్పుడొకటి ఉంది. మన సుజాత సంగతి.

నువ్వు పోయాక ఆ పిల్ల ఏడవలేదు. కోపం తెచ్చుకుంది. నా మీద కాదు, నీ మీద. జబ్బు సంగతి మా ఇద్దరికీ చెప్పకుండా, ఆసుపత్రిలో చేరే రోజు దాకా సుద్దముక్కలు పట్టుకుని బడికి తిరిగావే, అందుకు. కోపం నాకూ వచ్చింది. కానీ నీ మీద కోపం నాకు పాత అలవాటు, పూట గడిస్తే పోతుంది. పద్నాలుగేళ్ళ పిల్లకి అలా పోతుందా?

నీ ఫోటో ఉన్న గదిలోకి వెళ్ళడం మానేసింది. అమ్మ అన్న మాటే ఆ నోట రాలేదు. నీ పెట్టె గురించో నీ చీర గురించో చెప్పాల్సి వస్తే, హిందీలోకి దిగిపోయి, 'ఉన్‌కా' అనేది… 'ఆవిడగారిది' అని, ఎవరో పరాయి టీచరమ్మ గురించి మాట్లాడినట్టు. 

ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయాక, ఒక ఆదివారం నీ తొమ్మిదో తరగతి తెలుగు పిల్లలు మన స్టీలు ప్లాంటు క్వార్టర్‌కి వచ్చారు. సెక్టర్ ఆరులో ఉన్న సైకిళ్ళన్నీ మన గేటుకే ఆనించారేమో అనిపించింది. ఏటా టీచర్ పెట్టే కోర్టు ఈసారి సగంలో ఆగిపోయిందట, అది జరిపి తీరాలట, అంకుల్ తన కెమెరాతో సినిమా తీయాలట. కాదని ఎలా అనను?

నీ కోర్టు సంగతి ఇన్నేళ్ళూ వినడమే తప్ప నేను చూసిందెక్కడ? ఎప్పుడూ ఏదో ఒక షిఫ్టు అడ్డొచ్చేది. ఇక్కడ, హిందీ మాట్లాడే ఊళ్ళో పుట్టిన పిల్లలకి తెలుగు కన్నా హిందీయే సులువు, తెలుగు నవల చేతికిస్తే పారిపోతారు. అందుకని నవలలో ఒకరిని ముద్దాయిగా నిలబెట్టి, జడ్జినీ లాయర్లనీ క్లాసులోంచే ఏరి కూర్చోబెట్టేదానివి.

"చదవమంటే చదవరండీ. దెబ్బలాడుకోమంటే మాత్రం పేజీ నంబర్లతో సహా చదివీస్తారు" అనేదానివి. నీ కోర్టుకి చట్టం కూడా ఒక్కటే. "పుస్తకంలో ఉంటే చూపించండి. బయటి గొడవలు నాకొద్దు."

అయితే ఈసారి నువ్వు ఎంచిన నవల చూసి, అట్ట తిప్పి మళ్ళీ చూశాను. వారపత్రికలోంచి కత్తిరించి నువ్వే కుట్టుకున్న సీరియల్ అది. అందులో వరాలమ్మ అనే తల్లికి మెల్లమెల్లగా చూపు పోతూ ఉంటుంది. తెలిస్తే కూతురు చదువు మానేస్తుందని ఆ సంగతి దాచి, పిల్లని హాస్టలుకి పంపేస్తుంది. ఆవిడ మీద నేరం ఏమిటంటే, కన్నకూతుర్ని మోసం చేయడం!

బడులు తెరవగానే ఇచ్చావట ఆ నవల. అప్పటికే డాక్టరు నీతో చెప్పేశాడని నాకు తర్వాత తెలిసింది… కావాలనే ఎంచావా రాజ్యం? లేక అలమరలో చేతికి అందింది అదేనా?

పైగా వరాలమ్మ తరఫు లాయరు వేషం అదే క్లాసులో ఉన్న మన సుజాతకే ఇచ్చావు! ఇప్పుడు పిల్ల ఒప్పుకుంటేనా? చేస్తే ప్రాసిక్యూషనే చేస్తానని పట్టుబట్టి, లక్ష్మి అనే పిల్లతో వేషం మార్చేసుకుంది. ఇక ఆ వారమంతా నవల వదల్లేదు. కంచం ముందు కూడా అదే. మన పిల్ల తెలుగు అలా చదువుతుంటే సంతోషించాలా, ఎందుకు చదువుతోందో తెలిసి భయపడాలా? ఆ కోర్టులో వరాలమ్మ పేరు చెప్పి నిన్ను దోషిగా తేల్చేసిందంటే, ఇక జన్మలో నీ ఊసెత్తదేమోనని నా బెంగ.

నా కెమెరా గుర్తుందిగా? రష్యన్ ఇంజినీరు తన దేశం వెళ్ళిపోతూ నాకిచ్చిపోయిన, కీ ఇస్తే తిరిగే సినిమా కెమెరా. నీకు సవతి. "ఏటండీ మీరు? పండగపూట పిల్లని ఎత్తుకోమంటే ఆ డబ్బాని ఎత్తుకుంటారు!" అని ఎన్నిసార్లు తిట్టావో. ఆ డబ్బానే తుడిచి, ఇంట్లో ఉన్న రీలు ఎక్కించుకుని బడికి వెళ్ళాను.

నువ్వు చూడాల్సింది రాజ్యం! మన వెనక క్వార్టర్ నాయుడుగారి శీను జడ్జి. నల్లకోటు దొరక్క వాళ్ళ నాన్నకి ప్లాంటులో ఇచ్చిన రెయిన్‌కోటు తొడుక్కొచ్చాడు. ఏప్రిల్ ఎండలో రెయిన్‌కోటు! చెమట కారిపోతున్నా గుండీ విప్పలేదు మహానుభావుడు. చేతిలో నా చెక్క సుత్తి. వరాలమ్మ వేషం పద్మది. తెల్లచీర కట్టుకుని, తడుముకుంటూ వచ్చి, నిజంగానే బల్లకి గుద్దుకుంది. అందరూ నవ్వారు. నేను స్టూలెక్కి కీ తిప్పడం, కాస్త తీయడం, మళ్ళీ తిప్పడం.

సగం విచారణ అయ్యాక వెలిగింది నాకు. ఈ కెమెరా బొమ్మ పడుతుంది కానీ మాట పట్టదు. కోర్టంటేనే మాటలు కదా! రోలింగ్ మిల్లులో అన్నేసి మోటార్లు చూసుకునే ఇంజినీరుకి ఆ ముక్క ముందే తట్టొద్దూ? పిల్లలేమో కెమెరాకి వినపడాలని గొంతులు చించుకుంటున్నారు. చెబితే నీరసపడిపోతారని నోరు మూసుకుని తీస్తూ ఉన్నాను.

సుజాత వంతు వచ్చింది. మొదట అంతా పేజీ నంబర్లతోనే వాదించింది. ఎంత బాగా వాదించిందనుకున్నావు! తర్వాత పుస్తకం మూసేసింది. వరాలమ్మ బోనుకేసి వేలు చూపించి, ఆసుపత్రికి వెళ్ళే రోజు పొద్దున్న కూడా జడ వేశావు కదా, అప్పుడైనా ఎందుకు చెప్పలేదు అని అడిగింది.

నవలలో ఆసుపత్రి లేదు. జడ వేయడం లేదు.  నీ చట్టం ప్రకారం డిఫెన్స్ లక్ష్మి లేచి అభ్యంతరం చెప్పాలి. ఆ పిల్ల లేవలేదు. పద్మ అయితే, తనకి కళ్ళు కనపడవన్న సంగతే మరిచిపోయి సుజాత మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. నా చేతిలో కెమెరా తిరుగుతూనే ఉంది. ఆపాలని కూడా తోచలేదు.

శీను తెలివైనవాడు. సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, సినిమా చూపించిన రోజు తీర్పు చెబుతానని వాయిదా వేసేశాడు. సుజాత ఇంటికొచ్చి తలుపేసుకుంది. నేను పప్పు మాడబెట్టాను.

రీలు బొంబాయి పంపి కడిగించాను. అది తిరిగొచ్చేసరికి బడులు తెరిచారు, వానలు పట్టుకున్నాయి. ప్లాంటు క్లబ్బులో ప్రొజెక్టరు అడిగి తెచ్చి, మొన్న శనివారం దీపాలు పెట్టే వేళకి మన ముందు గదిలో గోడకి దుప్పటి కట్టాను. పిల్లలంతా వచ్చారు. సుజాత గుమ్మం దగ్గరే, చేతులు కట్టుకుని నిలబడింది.

బొమ్మ మొదలైంది. మాట రాదని చూసి ఒక్క క్షణం దిగాలుపడ్డారు. అంతలో శీను తన డైలాగు తనే అందుకున్నాడు. ఇంకేముంది, తెర మీద ఎవరి నోరు కదిలితే వాళ్ళు నేల మీంచి అరవడం! కోర్టు మళ్ళీ మొదటినుంచి జరిగినట్టే అయింది.

ఉన్నట్టుండి తెర మీద బల్లల మధ్య చెట్లు మొలిచాయి. జడ్జిగారి రెయిన్‌కోటులోంచి ఒక నెమలి నడిచి వెళ్ళింది. ఏమిటిది అంకుల్ అంటూ పిల్లలు గోల.

తిట్టకు, చెబుతా. మైత్రీ బాగ్‌కి జంతువుల పార్కు చూడ్డానికి పిక్నిక్ వెళ్ళాం కదా, నీతో కలిసి గడిపిన చివరి చలికాలం? అప్పుడు మొదట చాలాసేపు లెన్సు మూత తీయకుండానే తిప్పేసి, తర్వాత కొంత తీసి ఆపిన రీలు అది. తర్వాత స్ప్రింగు బిగుసుకుపోతే కెమెరా విప్పాల్సి వచ్చి, రీలు వెనక్కి చుట్టి డబ్బాలో పెట్టాను. వాడినదని డబ్బా మీద రాయలేదు. మిల్లులో చెడిపోయిన మోటారుకి చీటీ కట్టకుండా వదిలేసినవాణ్ణి నేను ఎంతలేసి మాటలనేవాణ్ణో నీకు తెలుసు! ఆ రీలే కొత్తదనుకుని కోర్టుకి వాడేశాను. ఒకే ఫిలిం మీద రెండు బొమ్మలూ పడ్డాయి.

అప్పుడు వచ్చావు నువ్వు.

సుజాత బోనుకేసి వేలు చూపిస్తోంది. ఆ బోనులో పద్మ. పద్మ మీద, పొగలా కాదు, స్పష్టంగా, వేరుశనగల పొట్లం పట్టుకుని నువ్వు. నన్నూ కెమెరానీ చూసి మొహం చిట్లించి, కాదు కాదన్నట్టు చెయ్యి ఊపేస్తున్నావు. అక్కడ కూతురు వేలు చూపిస్తోంది, ఇక్కడ నువ్వు చెయ్యి ఊపుతున్నావు. నీ నోరు కదులుతోంది. మాట లేకపోతేనేం, ఏమన్నావో నాకు తెలుసు. "చాలు, ఆపీయండి… ఏటండీ ఈ గోల!"

 ఒక్కరూ డైలాగు చెప్పలేదు.  ప్రొజెక్టరు కట్టేద్దామని చెయ్యి చాపాను.

గుమ్మం దగ్గరనుంచి ఒక నవ్వు వినపడింది. సుజాత. పగలబడి నవ్వింది రాజ్యం! నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. ఏడాదిగా రాని ఏడుపంతా ఏడ్చింది. పద్మ వెళ్ళి పట్టుకుంటే, తెరకేసి చూపిస్తూ, మా అమ్మకి ఈ కెమెరా అంటే ఎంత మంటో చూడవే అంది.

అమ్మ అంది! నా చెవులారా విన్నాను. తెలుగులో అంది.

ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేయించారు. బల్బు కాలిపోతుందని నేను మొత్తుకున్నా వినలేదు. ఆఖరికి శీను గొంతు సవరించుకుని తీర్పు చెప్పడానికి లేచాడు. సుజాత కళ్ళు తుడుచుకుని, ప్రాసిక్యూషన్ కేసు వెనక్కి తీసుకుంటోంది అంది. విచారణ అయ్యాక అలా కుదరదని వాడి గొడవ. రెయిన్‌కోటు తొడుక్కుని చెమటలు కక్కింది దీనికేనా అని అలిగి, తీర్పు ఏమిటో చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర నీ కబుర్లు చెప్పింది సుజాత. నాకు తెలియనివి కూడా చాలా ఉన్నాయి. నామీద క్లాసులో జోకులు వేసేదానివట? సరేలే, ఆ లెక్క మనిద్దరం తర్వాత చూసుకుందాం.

పిల్లని నేను చూసుకుంటాను, నాదీ పూచీ. నీ మీద కేసు ఎత్తేశారు రాజ్యం. హాయిగా ఉండు.

నీ
మూర్తి