రాయి అంటుకున్న రొట్టె

యెరికో,
1987 ఫిబ్రవరి 17, మంగళవారం.

బేత్ సాహూర్‌లో రాళ్ళు చెక్కే జిర్యెస్‌కి, యెరికోలో రొట్టెలు కాల్చే నఖ్లె ఎవరిచేతా రాయించకుండా సొంత చేత్తో రాస్తున్న ఉత్తరం. ప్రభువు శాంతి నీకూ నీ ఇంట్లోవాళ్ళకీ కలగాలి. మేం కులాసా. మా ఆవిడ వర్దెకి మోకాళ్ళ నొప్పులు, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. మర్యాదలు అయిపోయాయి. ఇక విను.

నువ్వు నన్ను సైతాను అన్నావు. ఇరవై మూడేళ్ళయింది. నేను మర్చిపోయాననుకున్నావేమో, మర్చిపోలేదు.

ప్రభువు నలభై రోజులు ఉపవాసం చేసిన కొండమీద నేనూ నలభై రోజులు ఉంటాను, నీళ్ళూ కొండ ఆకులూ తప్ప ముట్టను అని ఊరంతా చాటి గుహలోకి ఎక్కావు. పంతొమ్మిదో రోజున, ఒరేయ్, నీకోసం నేను పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె గుడ్డలో చుట్టుకుని ఆ కొండంతా ఎక్కాను. వేడి చల్లారకూడదని పరుగుపరుగున వచ్చానేమో, రొట్టె అడుగు దులపడం మర్చిపోయాను. మనవైపు గులకరాళ్ళ మీద కదా రొట్టె కాలుస్తాం, ఒక రాయి అంటుకుని ఉండిపోయింది. నువ్వు రొట్టె తిరగేసి ఆ రాయి చూశావు. రాళ్ళని రొట్టెలు చేసి పట్టుకొచ్చావా, పోరా సైతానూ అని కేకేసి రొట్టెని లోయలోకి విసిరావు. నాతో వచ్చిన గాడిదలవాడు విన్నాడు. నేను కొండ దిగేసరికి మాట నాకంటే ముందే ఊళ్ళో ఉంది. ఇవాళ్టికీ ఆడవాళ్ళు, సైతాను కొట్లో నాలుగు రొట్టెలు పట్రా అనే పంపిస్తారు పిల్లల్ని.

మర్నాడు పొద్దున్నే నీ కాలు మడతపడి గాడిద మీద కిందికి దిగావు. ఒక్క మాట అడుగుతాను. నువ్వు జారింది రొట్టె పడిన లోయవైపు. నీళ్ళ తొట్టి రెండో పక్కన కదా, అటు నీకేం పనిరా?

ఇప్పుడెందుకు రాస్తున్నానంటావా. మా గుడికి కొత్తగా బులుస్ అయ్యగారు వచ్చారు, గడ్డం కూడా సరిగా నెరవలేదు. ప్రభువు తిరిగి లేచిన ఈ పాస్కా పండక్కి బలిపీఠం మీద పెట్టే రొట్టె నువ్వే కాల్చాలి తాతా అన్నారు. జిర్యెస్, యాభై ఏళ్ళుగా ఊరందరి కడుపులకీ కాల్చాను, ఆ ఒక్క రొట్టే నా చేతికి రాలేదు. చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఆయన, ఎవరితోనైనా పగ ఉందా తాతా, ఉంటే ఆ పిండి ముట్టకూడదు అన్నారు. నేను నోరు తెరిచేలోపే వర్దె, ఉంది అయ్యగారూ, బేత్ సాహూర్‌లో ఉంది, దానికి ఇరవై మూడేళ్ళు అని చెప్పేసింది.

ముందు కలుసుకో, తర్వాత కాల్చు అన్నారాయన. అంటే నా రొట్టె నీ చేతిలో ఉంది.

అప్పట్నుంచీ పిండి పిసుకుతూ సైతాను ప్రభువుని ఈ రాళ్ళని రొట్టెలు చెయ్యమన్న ఆ అరణ్యం సంగతే ఆలోచిస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి, అయినా చెప్తాను. రొట్టె తప్పయితే ప్రభువు తర్వాత అయిదువేలమందికి ఎందుకు పెట్టాడు? తప్పు రొట్టెలో లేదు, వాడు అడిగిన తీరులో ఉంది. నువ్వు దేవుడి కొడుకువైతే చేసి చూపించు అన్నాడు వాడు. అంతకుముందే, మనకి ఇంత దగ్గర్లో, యొర్దానులో, తండ్రి వీడు నా కొడుకని నోరారా చెప్పాడు. తండ్రి చెప్పాక ఆ వెధవకి రుజువు చూపించేదేంటి? అందుకే ఆయన ఆకలితోనే కూర్చున్నాడు. నిజమైన ఆకలి, మనకి వేసేలాంటిదే. నాకు అదే ధైర్యం. మా నాన్న చనిపోయిన ఏడాది మా పొయ్యి ఆరిపోయినప్పుడు, ఇది ఆయనకి తెలుసు, ఆయన ఇది పడ్డాడు అనుకునేవాణ్ణి. అన్నీ పడి ఓడిపోనివాడు కాబట్టే, ఓడిపోయేవాళ్ళం ఆయన దగ్గరికి పోగలుగుతున్నాం. ఆయన గెలిచింది మనకోసం. మనం కొండెక్కి ఆయన్ని మించాలని కాదు.

నువ్వు మించాలని ఎక్కావు. గుడి శిఖరమెక్కి దూకు, జనం చూస్తారు అని సైతాను అన్నాడే, అది నీకు చెప్పిన మాటే. అరటిపళ్ళమ్మే ముసలమ్మకి కూడా చెప్పిగానీ కొండెక్కలేదు నువ్వు! అలాంటివాడు నన్ను సైతాను అనడమా?

కాబట్టి రా. మార్చి ఒకటో తారీకు, నలభై రోజుల ఉపవాసానికి ముందు వచ్చే క్షమాపణల ఆదివారం. ఊరంతా వరసలో నిలబడి ఒకరికొకరు తలవంచే సాయంత్రం. నువ్వు నా ఎదురుగా నిలబడి, తప్పయింది నఖ్లె అనాలి. వస్తావో రావో, ఆ సాయంత్రం గుడిగంట మోగేలోపు నాకు జవాబు అందాలి. మోగాక వచ్చే జవాబు నాకొద్దు.

నీ పాత స్నేహితుడు,
నఖ్లె

తా.క. పైదంతా మంగళవారం రాశాను. ఇవాళ శుక్రవారం. వర్దె చదవమంటే చదివాను. అంతా విని, బాగుంది, మరి మీసం సంగతి రాయలేదేం అంది.

రాస్తున్నాను. నువ్వు కొండమీదున్న పదో రోజున కాఫీ కొట్లో అందరూ నిన్నే పొగుడుతున్నారు. జిర్యెస్ అంటే మగాడు, ఈ నఖ్లె మధ్యాహ్నందాకా కూడా ఆగలేడు అన్నారు. నాకు మండింది. వాడికి ఇరవై రోజులు నిండవు, నిండితే నా మీసం తీసేస్తాను అన్నాను. నువ్వు మగాడివైతే ఆ మాట మీద నిలబడు అన్నారు. చూశావా, సైతాను అడిగిన తీరే. నేను నిలబడ్డాను. పంతొమ్మిదో రోజు వచ్చేసరికి వణుకు పుట్టింది. ఉన్నవాటిలో మంచి రొట్టె ఏరి, వాసన నాకంటే ముందు గుహలోకి పోవాలని ఆలివ్ నూనె రాసి, వాము ఆకు చల్లి మరీ తెచ్చాను. నువ్వు చచ్చిపోతావేమోనన్న భయం కూడా ఉంది, అబద్ధం కాదు. కానీ అది మీసం తర్వాతే.

నువ్వు సరిగ్గానే గుర్తుపట్టావురా. ఈ మాట ఇరవై మూడేళ్ళు నోట్లోనే పెట్టుకుని, నీమీద కోపం అని పేరు పెట్టుకున్నాను.

దొంగగా నెగ్గిన పందెం కదా, ఇవాళ పొద్దున మీసం తీసేశాను. వర్దె నవ్వీ నవ్వీ కూలబడింది, ఇంకా లేవలేదు. ముందు తలవంచేది నేనే. నువ్వు ఊరికే వచ్చి నిలబడు, చాలు. గుడి తలుపు దగ్గర మూతి బోసిగా ఉన్న ముసలాడు ఎవడా అనుకోకు, నేనే. గడువు మాత్రం గడువే, ఒకటో తారీకు ఆదివారం గంట మోగేలోపు. నీకో వేడి రొట్టె తెస్తాను. ఈసారి అడుగు దులిపి.