సిద్ధి అంటే గంజాయి కాదంట

6 అక్టోబరు 2025, సోమవారం

తమ్ముణ్ని ఆసుపత్రిలో చేర్చి నాలుగు రోజులు. ఈ రోజే పెన్ను పట్టుకోగలిగాను.

దశమి నాడు దుర్గమ్మ నిమజ్జనం ఊరేగింపులో ఢాకులు, అవే ఈ బెంగాలీ డోళ్లు, మోగుతుంటే తమ్ముడు ప్రవీణ్ చెవులు మూసుకుని నడిరోడ్డు మీద కూర్చుండిపోయాడు. ఢాకులు తన పేరు పెట్టి పిలుస్తున్నాయంట. నదిలోకి రమ్మంటున్నాయంట. నలుగురు పట్టుకుని లేపాల్సి వచ్చింది. స్కిజోఫ్రెనియా అని డాక్టర్లు పేరు పెట్టి మూడేళ్లు. ఏడాదిన్నర నుంచి ఒక్క మాత్ర తప్పలేదు. నేనే చేతిలో పెట్టి, మింగాక నోరు తెరిపించి చూసి మరీ సెక్టర్ ఫైవ్ ఆఫీసు బస్సెక్కుతాను. ఆఫీసులో ముప్ఫైమంది క్లీనర్ల పని చూసేదాన్ని, ఒక్క మాత్ర సంగతి చూడలేనా? మరి ఎందుకు తిరగబెట్టింది?

వార్డులో డాక్టరమ్మ అడ్రస్ చదివింది. కార్పొరేషన్ సఫాయి క్వార్టర్స్. చదవగానే గాంజా అలవాటుందా అని అడిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. డబ్బున్నవాళ్ల సాల్ట్ లేక్ అడ్రస్ అయితే ఇలాగే అడిగేదా? చీపురు పట్టే ఇంట్లో నిషా ఉండి తీరాలని ముందే రాసి పెట్టుకుంటారు కాబోలు. ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో బీడీ కూడా లేదని గట్టిగానే చెప్పాను. అమ్మ అయితే పైడితల్లి మీద ఒట్టేసింది. నా కొడుకు గాంజా ముట్టుంటే నా కళ్లు పోవాలంది.

అయితే ఈ మాత్ర వీడికి పనిచెయ్యడం లేదన్నమాట అంది డాక్టరమ్మ. వచ్చే సోమవారం నుంచి పెద్ద మాత్ర మొదలుపెడతారంట. దానికి వారం వారం రక్తం తీసి చూడాలంట. చిన్నప్పటి నుంచి సూది చూస్తే పరిగెత్తే పిల్లాడు.

8 అక్టోబరు, బుధవారం

హౌరా నుంచి పట్టాభి మావయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు. చేతిలో రెండు అరటిపళ్లు, ఫోన్లో ఒక వీడియో. గంజాయి నూనె రెండు చుక్కలు వేస్తే చెవిలో గొంతులు మాయమైపోతాయంట. విదేశాల్లో ఇస్తున్నారంట, ఇక్కడి డాక్టర్లు కంపెనీల కోసం దాచిపెడుతున్నారంట. డాక్టర్ల మీద నాకూ కోపమే, కానీ ఈ వాట్సాప్ వైద్యుల మీద అంతకు పదింతలు. ఆ చెప్పేవాడు ఏం చదివాడో చెప్పమన్నాను. తెలుగులోనే సెప్తన్నాడు కదే, అబద్ధమెందుకాడతాడు అన్నాడు. అమ్మ మావయ్య మొహం చూసింది. మావయ్య గోడ మీద క్యాలెండర్ చూశాడు. అప్పుడు నాకు తట్టలేదు.

9 అక్టోబరు, గురువారం, ఉదయం 7:10

దేవుడి గూట్లో పటాల వెనక స్టీలు డబ్బా దొరికింది. ఆఫీసు బస్సు వెళ్లిపోయింది. వెళ్లనీ.

అదే రోజు, మధ్యాహ్నం

ఆకుపచ్చ పొడి. మూత తీస్తే ఎండుగడ్డి వాసన. ఒక చెంచా కూడా అందులోనే ఉంది.

అమ్మ ఏమీ దాచలేదు, అదే నాకు ఇంకా మంట. ఏటే అలగ సూస్తావు, అది సిద్ధి, గాంజా కాదు అంది. మావయ్యే తెచ్చి ఇస్తున్నాడంట. ఏడాదిగా సాయంత్రం పాలల్లో చెంచాడు. మొదట్లో వారానికి ఒకసారి, తర్వాత రోజూ. పూజ దగ్గర పడేసరికి పిల్లాడు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడని రెండు చెంచాలు.

అమ్మ లెక్కలో గాంజా అంటే చిలుంలో పెట్టి పీల్చేది, పోలీసులు పట్టుకునేది. సిద్ధి అంటే దశమికి బెంగాలీ ఇళ్లలో పెద్దలూ కోడళ్లూ కలిసి తాగే షర్బత్. శివుడి ప్రసాదం. పైగా మన తెలుగులో సిద్ధి అంటే అనుకున్నది జరగడమే కదా, పేరే మంచిది అంది. ఒకే మొక్క! ఒక పేరు పెడితే కళ్లు పోవాలని ఒట్టు, ఇంకో పేరు పెడితే దేవుడి గూట్లో చోటు.

డబ్బా తీసి విసిరేద్దామనుకున్నాను. అమ్మ ఏడవలేదు. వాడు కంటి నిండా నిద్రపోతే నాకు చాలనిపించింది అంది. డబ్బాకు మూత పెట్టి పక్కన పెట్టేశాను. తిట్లన్నీ ఫోన్లో మావయ్యకు పెట్టాను.

10 అక్టోబరు, శుక్రవారం

ఆసుపత్రిలో చెప్పొద్దని అమ్మ. పోలీసు కేసవుతుందంట, మావయ్యను లోపలేస్తారంట. చెప్పకపోతే సోమవారం తమ్ముడికి అక్కర్లేని పెద్ద మాత్ర పడుతుంది.

13 అక్టోబరు, సోమవారం, ఉదయం 11

చెప్పేశాను. డబ్బాను టిఫిన్ సంచీలో పెట్టుకుని వెళ్లి బల్ల మీద పెట్టాను. పోట్లాటకు సిద్ధపడే వెళ్లాను. డాక్టరమ్మ అరవలేదు, పోలీసుల మాట ఎత్తలేదు. మూత తీసి వాసన చూసింది. పెద్ద మాత్ర ఆపమని నర్సుకు చెప్పింది. పాత మాత్ర పనిచేస్తోందో లేదో ఈ పొడి మానేశాక గానీ తెలియదంట.

మావయ్య వీడియో సంగతి కూడా అడిగాను, అడగనిదే వదలను కదా. ఓపిగ్గానే చెప్పింది. ఆ మొక్కలో రకరకాల సరుకు ఉంటుందంట. మత్తెక్కించేది ఈ జబ్బున్నవాళ్లలో గొంతుల్నీ అనుమానాల్నీ పెంచుతుంది, మళ్లీ మళ్లీ వార్డుకు తెస్తుంది. మత్తు లేనిది ఇంకొకటి ఉంది. దాన్ని విడిగా తీసి, శుద్ధి చేసి, మాత్రలతో పాటు ఇచ్చి చూస్తున్నారు. కొందరికి కాస్త మేలు కనిపించింది, కొందరికి ఏమీ లేదు, ఇంకా తేలలేదు. మీ డబ్బాలో ఉన్నది అది కాదు అంది.

అప్పుడు అడిగేశాను. మా అడ్రస్ చూసే కదా మూడుసార్లు అడిగారు అని. అవును అంది. ఇకనుంచి సాల్ట్ లేక్ వాళ్లనూ మూడుసార్లు అడుగుతాను, సిద్ధి పేరుతో కూడా అడుగుతాను అంది. ఇంత మాట అన్నాక ఇంకేం పోట్లాడతాను?

ఎప్పుడు మొదలైంది, మొదట ఎవరిచ్చారు అని అడిగింది. అమ్మ, మావయ్య అని టక్కున చెప్పాను. తారీఖు మాత్రం డైరీ చూసి చెప్తానన్నాను.

అదే రోజు, సాయంత్రం 6

చూశాను. పోయినేడు సరిగ్గా ఈ తారీఖే. ఉన్నదున్నట్టు మళ్లీ రాస్తున్నాను.

13 అక్టోబరు 2024. దశమి. పక్కింటి బెంగాలీ వదిన సిద్ధి షర్బత్ పంపింది. తమ్ముడు వద్దన్నాడు. పండగ పూట ఒక్క గ్లాసుకి ఏమవుతుందిరా అని నేనే పట్టుబట్టి తాగించాను. ఎన్నాళ్లకో పకపకా నవ్వాడు. ఇదేదో బాగుందే, మావయ్యనడిగి కొంచెం తెప్పించు అని అమ్మతో అన్నాను.

నా రాతే. అమ్మ మీద అంత మండిపడ్డాను, మావయ్యను ఫోన్లో కడిగేశాను. నాకే సిగ్గు లేదు.

17 అక్టోబరు, శుక్రవారం

తమ్ముడు మళ్లీ మాటలు కలుపుతున్నాడు. పాలల్లో ఏం కలిపేవారో తెలుసంట. మాత్ర వేసుకుంటే గొంతులు తగ్గుతాయి, కానీ నోట్లో చొంగ కారుతుంది, అన్నం మట్టిలా ఉంటుంది, ఎవరైనా జోకు వేస్తే అర్థమవుతుంది గానీ నవ్వు రాదు అన్నాడు. సిద్ధి తాగితే రెండు గంటలు పాత ప్రవీణ్‌లా అనిపించేదంట. ఆ తర్వాత గొంతులు ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని వచ్చేవంట.

ముందే ఎందుకు చెప్పలేదురా అన్నాను. రోజూ నా నోరు తెరిపించి చూశావక్కా, నోరు తెరిచి చెప్పమని అడగలేదు అన్నాడు.

మూడేళ్లలో ఎంతమంది డాక్టర్లు! గొంతులు వినిపిస్తున్నాయా అని అందరూ అడిగారు. అన్నం రుచి తెలుస్తోందా అని ఒక్కరూ అడగలేదు. పక్కనే కూర్చున్న నేనూ అడగలేదు. ఇవాళ రౌండ్స్‌లో డాక్టరమ్మకు అడ్డంగా నిలబడి, చొంగ సంగతీ నవ్వు సంగతీ రాసుకుంటే గానీ కదలనివ్వనన్నాను. రాసుకుంది. మోతాదు మార్చి చూస్తామంది.

20 అక్టోబరు, కాళీపూజ

మొదటి గ్లాసు ఎవరిచ్చారో డాక్టరమ్మకు ఇంకా చెప్పలేదు.

2 నవంబరు, ఆదివారం

తమ్ముడు నిన్న ఇంటికొచ్చాడు. ఈ డైరీ అందుకుని పేజీలు తిప్పాడు. వాడికి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. చదివి పెట్టమన్నాడు. పోయినేటి దశమి పేజీ తీసి, ఒక్క మాట వదలకుండా చదివాను. తిడతాడని చూశాను.

ఆ రోజు నిజంగా నవ్వానా అక్కా అన్నాడు.

నవ్వావురా అన్నాను.