వాకిలి మీద కలబంద పూసింది

అత్తా,

దిష్టికని వాకిలి పైన నువ్వు తలకిందులుగా కట్టిన కలబంద పూసింది. నీ సంవత్సరీకానికి ముందే సున్నం కొట్టించి, ముడతలు పడ్డ ఆ కలబందను మార్చాలని రాసిపెట్టుకున్నాను. పొద్దున కొడవలి పట్టుకుని స్టూలెక్కాను. కలబందలోంచి కిందికి దిగిన కాడ ఒకటి వంపు తిరిగి పైకి లేచింది, దాని నిండా పసుపు పూలు. మన్ను లేదు, ఏడాదిగా చుక్క నీళ్లు లేవు. మొదలు దగ్గర రెండు పిలకలు కూడా వేసింది.

నా కేకకు పక్కింటి ఖాసింబీ పరుగెత్తుకొచ్చింది.

"అచ్చం మీ అత్త మాదిరే ఉండాదక్కా. తలకిందులుగా కట్టినా తానే పైకి రావాల," అని నవ్వింది.

సున్నం కొట్టే మనిషి తాడు విప్పబోయాడు.

"ఆ ముడి మా అత్త వేసింది, ముట్టుకోవద్దప్పా. చుట్టూ కొట్టుకో," అన్నాను.

గోడలన్నీ తెల్లబడ్డాయి. ముడి వెనక అరచేయంత చోటు మాత్రం పాత రంగులోనే ఉంది.