సీసాలో మిగిలిన ఇరవై మాత్రలు

చొప్పదండి, 28 మార్చి 2025

చిరంజీవి వెస్లీకి అమ్మమ్మ దీవెనలు.

థైరాయిడ్ రిపోర్టులో అంకె పెరిగిందని నిన్న నీ ఇల్లాలు మహిమను కోప్పడ్డావు. అసలు సంగతి ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. పొద్దున ఆమె థైరాయిడ్ సీసా లెక్కపెడితే ఉండాల్సిన వాటికన్నా ఇరవై మాత్రలు ఎక్కువున్నాయి. ఈస్టరు ముందు వచ్చే ఉపవాసాల శ్రమకాలం మొదలైన ఐదో తేదీ నుంచి నిన్నటికి, ఆదివారాలు పోను, ఉపవాసాలూ ఇరవయ్యే.

అడిగితే, "పగటీలి దాకా గుక్కెడు నీళ్లు సుత వద్దని నువ్వే అంటివి గదా, అమ్మమ్మా!" అన్నది. మధ్యాహ్నం దాకా వద్దని అన్నాను. నాలుగో నెల గర్భిణికి చెప్పకూడని మాట అది. కడుపులో బిడ్డ మెదడు ఎదగాలంటే ఆ మాత్ర తప్పకూడదని డాక్టరమ్మ చెప్పింది.

ఇక జరగవలసినవి:

1. రోజూ పరగడుపున, నా ఎదుటే, మాత్ర.
2. మహిమకు ఉపవాసాలు లేవు.
3. ఏప్రిల్ 25న మళ్లీ రక్తపరీక్ష. ఆదిలాబాద్ నుంచి నువ్వు రావాలి.
4. వచ్చినప్పుడు నన్ను కోప్పడు. ఆమెను కాదు.