గోడ అరలో ఆఖరి షాట్

తోమోయె అక్కయ్యకు,

మీ ఊళ్లో వానలు తగ్గాయనుకుంటాను. టోక్యోలో ఇంకా విడవలేదు.

మీ తమ్ముడు కివాము నలభై తొమ్మిదో రోజు పూజకు నేను రాలేదని మీకు కోపం ఉండే ఉంటుంది. ఆత్మ వెళ్లిపోవాల్సిన రోజది. అతను వెళ్లలేదు.

స్టూడియోకి డబ్బుల్లేక, మా దయ్యం సినిమా అంతా నా అద్దె గదిలో, పరుపులు పెట్టుకునే గోడ అరలోనే తీశాం. అందులో ముడుచుకుని కూర్చునేది కివామే. నటుడి ఆఖరి షాట్ అవగానే చప్పట్లు కొట్టి పూలగుత్తి ఇవ్వడం మా సినిమావాళ్ల ఆచారం. ఒక్క షాట్ మిగిలుండగా అతను బండిమీంచి పడి చనిపోయాడు.

ఇప్పుడు రోజూ అరలోంచి అడుగుతున్నాడు: "ఏం గురూ, అయిందా? కాళ్లు పట్టేశాయి."

పూలు పెట్టి, అయిపోయిందన్నాను.

"షాట్ తీయకుండానే? ఎవరి చెవిలో పెడతావ్ ఆ పూలు?" అని నవ్వాడు.

అందుకే నిన్న అతని చొక్కా తొడుక్కుని, ఆ షాట్ కోసం నేనే అరలో కూర్చున్నాను. తలుపు మూసుకుంది. బయట కెమెరా తిరిగింది.

"బాగా వచ్చింది గురూ. ఇంకొక్కటి తీద్దాం, కదలకు," అంది బయటినుంచి కివాము గొంతు.

ఆ మాట నాదే, అక్కయ్యా. రోజూ అతనితో అనేవాణ్ణి.

ఇంకా తీస్తూనే ఉన్నాడు. ఈ ఉత్తరం తలుపు సందులోంచి బయటికి తోస్తున్నాను, పోస్టు చేస్తానన్నాడు. మీరు వచ్చేటప్పుడు పూలు తీసుకురండి. నాకు.